ఎనామెల్ గిన్నె: ఏది కొనాలి, ఎలా వాడాలి, పెచ్చు లేస్తే ఏం చేయాలి

మీ ప్రశ్నలో ఐదు సంగతులున్నాయి. ఎనామెల్ పూసిన పోత ఇనుము గిన్నె, అదే క్యాస్ట్ ఐరన్‌ది, కొనాలనుకుంటున్నారు; బాగా ఖరీదైనదే కొనాలా అన్నది మొదటిది. లోపల తెల్లగా ఉన్నది మేలా, నల్లగా ఉన్నది మేలా అన్నది రెండోది. ఇంతకుముందు కొన్న పల్చటి స్టీల్ ఎనామెల్ గిన్నె నెల తిరక్కుండానే పెచ్చులూడింది, తప్పు మీదా గిన్నెదా అన్నది మూడోది. ఆ పెచ్చులేచిన గిన్నెలో ఇంకా వండొచ్చా అన్నది నాలుగోది. సెకండ్ హ్యాండ్‌లో కొనొచ్చా అన్నది ఐదోది, దాని సంగతి చివర్లో చెప్తాను.

ముందు సూటిగా జవాబులు చెప్పేస్తాను. అన్నిటికన్నా ఖరీదైనదే కొనక్కర్లేదు. మధ్యరకం ధరలో, అంచులు శుభ్రంగా ఉండి, లోపల పూత నున్నగా ఉండి, మూత కదలకుండా కూర్చునే గిన్నె దొరికితే చాలు. మొదటి గిన్నె అయితే లోపల లేత రంగుదే తీసుకోండి. మీ స్టీల్ గిన్నె పెచ్చులూడింది చాలావరకు మీ తప్పు కాకపోవచ్చు. పెచ్చు లేచింది లోపలి వైపు అయితే ఇక అందులో వండకండి.

నేను చాలాకాలంగా వంట నేర్పే కిచెన్‌లో పనిచేస్తున్నాను. అక్కడ ఒకే గిన్నె రోజూ చేతులు మారుతుంది. ఇంట్లో పదేళ్లలో పడే దెబ్బలు అక్కడ ఏడాదిలో పడతాయి. అందుకే ఏ గిన్నె ఎక్కడ, ఎందుకు పాడవుతుందో దగ్గర్నుంచి చూసే వీలు దొరికింది. అక్కడ చూసిందాన్నిబట్టి ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను. ఎనామెల్ అంటే గాజు. రంగు కాదు, పెయింట్ కాదు, నాన్‌స్టిక్ పూత కాదు. ఇసుక, బోరాక్స్, ఫెల్డ్‌స్పార్ లాంటి ఖనిజాలు కరిగించి, చల్లార్చి, పొడిచేసి, ఆ పొడిని ఇనుము మీద పరిచి సుమారు 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర మళ్లీ కాలుస్తారు. అప్పుడు ఆ గాజు కరిగి లోహాన్ని పట్టుకుంటుంది. మామూలుగా మొదట ఒక ముదురు రంగు పూత వేస్తారు. అందులో కలిపే కోబాల్ట్, నికెల్ ఆక్సైడ్‌ల వల్లే గాజు ఇనుముకి అతుక్కుంటుంది. దాని మీద మనకు కనిపించే రంగు పూత వస్తుంది. ఇంతా చేస్తే ఆ గాజు పొర మందం మిల్లీమీటరులో సగం కూడా ఉండదు.

గాజుకి ఒక గుణం ఉంది. నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగితే మాత్రం చిట్లిపోతుంది. మంచి తయారీదారులు ఈ గుణాన్నే వాడుకుంటారు. కాల్చిన గిన్నె చల్లారేటప్పుడు ఇనుము గాజు కన్నా కాస్త ఎక్కువగా ముడుచుకునేలా గాజు మిశ్రమం చూసుకుంటారు. దాంతో గాజు పొర ఎప్పుడూ కొద్దిగా నొక్కుడులో ఉంటుంది, అదే దాని బలం. ఈ లెక్క సరిగ్గా కుదరని గిన్నెల్లో కొన్నాళ్లకి వెంట్రుకల్లాంటి సన్నటి గీతల వల పడుతుంది. పైకి రెండూ ఒకేలా మెరిసే గిన్నెల్లో ఒకటి ఏళ్లు నిలబడి, ఇంకోటి ముందే పోవడానికి ఇదొక పెద్ద కారణం. ఇది కొట్లో కంటికి కనిపించదు. పేరున్న కంపెనీకి కొంత ఎక్కువ డబ్బు పెట్టడంలో అర్థం ఉన్నది ఇక్కడే.

పోత పోయడం ఒక విద్య, ఎనామెల్ కాల్చడం ఇంకో విద్య. లె క్రూజే కంపెనీని 1925లో ఉత్తర ఫ్రాన్స్‌లోని ఫ్రెనోయ్-ల-గ్రాన్‌లో పెట్టిన ఇద్దరు బెల్జియన్లలో ఆర్మాన్ డెసాజే పోతపనిలో దిట్ట, ఆక్టావ్ ఒబెక్ ఎనామెల్‌లో దిట్ట. రెండు విద్యలూ ఒకచోట కలిస్తేనే ఈ గిన్నె బాగుంటుంది. ఇప్పుడు చాలా దేశాల్లో చాలా కంపెనీలు రెండూ బాగానే చేస్తున్నాయి కాబట్టి ఆ ఒక్క పేరు కోసమే అప్పు చేయక్కర్లేదు. కానీ పేరూ ఊరూ లేని, బరువు తక్కువగా ఉన్న, అనుమానం వచ్చేంత చవగ్గా ఉన్న గిన్నె మాత్రం వద్దు.

మీ స్టీల్ గిన్నె సంగతి. మీరు రాసిన దాంట్లో ఒక మాట దగ్గర ఆగిపోయాను. "ఎక్కడా తగల్లేదు, కింద పడలేదు, ఒక రోజు పొద్దున చూస్తే చిన్న చిన్న పెంకులు ఊడి ఉన్నాయి" అన్నారు. ఆ మచ్చల ఆకారం ఎలా ఉందో ఒకసారి చూడండి. గోరుతో గిల్లినట్టు అర్ధచంద్రాకారంలో ఉంటే అది తయారీలో వచ్చిన లోపం. కాల్చేటప్పుడు స్టీలు హైడ్రోజన్ని పీల్చుకుంటుంది. చల్లారాక ఆ వాయువు బయటికి రావాలని చూస్తుంది, పైన గాజు మూసేసి ఉంటుంది. ఒత్తిడి పెరిగి పెరిగి ఒక రోజు గాజుని చిన్న పొలుసుగా ఎగరగొడుతుంది. ఇది కొలిమి నుంచి బయటికొచ్చిన వెంటనే జరగొచ్చు, రోజులూ వారాలూ గడిచాక కూడా జరగొచ్చు. ఎనామెల్ చేసేవాళ్లకి ఇది బాగా తెలిసిన జబ్బు, చేప పొలుసు లోపం అంటారు. దీన్ని తప్పించడానికే వాళ్లు ఎనామెల్ కోసం ప్రత్యేకంగా చేసిన స్టీలు వాడతారు. చవక గిన్నెల్లో ఆ జాగ్రత్త ఉండకపోవచ్చు. మచ్చలు అంచు మీదో, చెవుల దగ్గరో మాత్రమే ఉండి, ఆకారం అడ్డదిడ్డంగా ఉంటే అది సింక్‌లోనో అలమారాలోనో తగిలిన దెబ్బ. రసీదు ఉంటే ఫోటో తీసి కంపెనీకి పంపండి, అడగడానికి మొహమాటపడకండి.

అలాగని స్టీల్ ఎనామెల్ చెడ్డదేమీ కాదు. తేలిగ్గా ఉంటుంది, త్వరగా కాగుతుంది. పాలు కాచడానికి, నీళ్లు మరిగించడానికి, ఉడికించడానికి, ఫ్రిజ్‌లో పెట్టుకోవడానికి చాలా బాగుంటుంది. వాసన పట్టదు, పులుపుకి రుచి మారదు. కానీ పల్చటి అడుగు కాబట్టి మంట ఉన్నచోటే మాడుతుంది. చిక్కటి వంటలకి, వేయించడానికి అది పనికిరాదు. ఆ పనికి దాన్ని వాడి "ఎనామెల్ అంటే అడుగంటేదే" అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

మీరు ఇప్పుడు చూస్తున్న పోత ఇనుము గిన్నె వేరే జాతి. ఇందులోనూ ఒక అపోహ ఉంది. పోత ఇనుము వేడిని సమానంగా పరుస్తుందని చాలామంది రాస్తారు. నిజానికి అది వేడిని పరచడంలో మందకొడి. అల్యూమినియంతో పోలిస్తే నాలుగైదు రెట్లు తక్కువ. దాని గొప్పతనం వేడిని నిల్వ ఉంచుకోవడంలో ఉంది. ఒకసారి నిదానంగా అంతా కాగిందంటే, చల్లటి మాంసం ముక్కలు వేసినా చప్పున చల్లారదు. మూత పెట్టి సన్న సెగ మీద వదిలేస్తే గంటలకొద్దీ ఒకే తీరున ఉడుకుతుంది. ఈ గిన్నె పెద్దమంటకి కాదు, ఓపిగ్గా చేసే వంటకి. రోజూ పది నిమిషాల్లో హడావిడిగా వేపుడు చేసుకునే అలవాటైతే ఈ గిన్నె కొన్నా అలమారాలోనే కూర్చుంటుంది. మామూలు స్టీలు మూకుడే మీకు నయం.

కొట్లో ఇంకో జాగ్రత్త. "సెరామిక్ కోటింగ్" అని రాసి ఉన్న రంగురంగుల గిన్నెలు పక్కపక్కనే పెడతారు. చాలావాటి మీద ఉన్నది ఎనామెల్ కాదు. తక్కువ వేడి దగ్గర గట్టిపడే పల్చటి నాన్‌స్టిక్ పూత, కింద అల్యూమినియం. కొత్తలో అస్సలు అంటుకోదు. రోజూ వాడితే ఏడాది రెండేళ్లలో ఆ గుణం పోతుంది. తేడా తెలుసుకోవడానికి చిన్న అయస్కాంతం తీసుకెళ్లి గిన్నె పక్క గోడకి పెట్టండి. అడుక్కి పెట్టి చూడొద్దు, ఎందుకంటే ఇండక్షన్ కోసం అల్యూమినియం గిన్నెలకీ అడుగున ఇనుప బిళ్ల వేస్తారు. పక్కన కూడా పట్టుకుంటే లోపల ఇనుమో, స్టీలో ఉన్నట్టు.

లోపల తెలుపా, నలుపా? రెండూ గాజే. లె క్రూజే లాంటివి లోపల లేత ఇసుక రంగులో, నున్నగా ఉంటాయి. 1974లో ఫ్రాన్స్‌లోని అల్సాస్‌లో ఫ్రాన్సిస్ స్టౌబ్ మొదలుపెట్టిన స్టౌబ్ కంపెనీ గిన్నెలు లోపల నల్లగా, కొంచెం గరుగ్గా ఉంటాయి. లేత రంగులో అడుగు ఎలా ఉందో కనిపిస్తుంది. ఉల్లిపాయ బంగారు రంగులో ఉందా, మాడడానికి సిద్ధంగా ఉందా అన్నది ఒక చూపులో తెలుస్తుంది. మా దగ్గర కొత్తవాళ్లకి ఎప్పుడూ లేత రంగు గిన్నే ఇస్తాను. నల్ల గిన్నెలో మాడు వాసన వచ్చేదాకా వాళ్లకి తెలియదు. దీని కష్టం మరకలు. వాడేకొద్దీ లేత గోధుమ రంగు ఛాయ వస్తుంది, పసుపు, టమాటా రంగు పట్టుకుంటాయి. నలుపులో ఆ బాధ లేదు, గరుకుదనం వల్ల మాంసం చక్కగా ఎర్రబడుతుంది, వాడేకొద్దీ నూనె పట్టి అంటుకోవడం కాస్త తగ్గుతుంది. రోజూ వండుతూ సెగ మీద పట్టు వచ్చినవాళ్లకి నలుపు హాయి. మరక చూస్తే మనసొప్పని వాళ్లకి కూడా అదే మంచిది. ఒక మాట, నల్లగా ఉంది కదా అని మామూలు ఇనుప పెనంలా ఖాళీగా కాల్చి నూనె పట్టించకూడదు.

ఇక గిన్నె చేతిలోకి తీసుకుని చూసే పద్ధతి. ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఆన్‌లైన్‌లో కొన్నా పెట్టె విప్పగానే ఈ పరీక్ష చేసి, తేడా ఉంటే అప్పుడే వెనక్కి పంపొచ్చు.

ముందు అంచు. గిన్నె అంచు, మూత అంచు ఈ రెండే మొదట పాడయ్యే చోట్లు. చాలా గిన్నెల్లో అంచు మీద రంగు పూత ఉండదు, మొదటి ముదురు పూత మాత్రమే ఉంటుంది, కొన్నిట్లో అదీ పల్చగా ఉంటుంది. గోరు పెట్టి అంచు చుట్టూ నెమ్మదిగా తిప్పండి. ఎక్కడైనా గోరు తట్టుకుంటే అక్కడ బొడిపో, గుంటో ఉన్నట్టు. బొడిపె మీద మూత పడ్డప్పుడల్లా దెబ్బంతా ఆ ఒక్క చుక్క మీదే పడుతుంది, ముందు లేచేది అదే.

తర్వాత లోపలి భాగం. కిటికీ వెలుగుకి ఏటవాలుగా పట్టుకుని, ఫోన్ లైటు పక్కనుంచి వేసి చూడండి. సూది మొనంత నల్ల చుక్కలు, బుడగ పగిలినట్టున్న గుంటలు ఉండకూడదు. అలాంటి గుంటలో అడుగున ఇనుము కనిపిస్తే నీళ్లు తగిలి తుప్పు మొదలై పక్కకి పాకుతుంది. బయటి గోడ మీద రంగు కాస్త ఎక్కువ తక్కువ ఉండటం, చెవుల కింద పూత జారి మందంగా ఉండటం పట్టించుకోకండి, చేతి పనిలో అవి మామూలే.

మూత పెట్టి నాలుగు వైపులా వేలితో నొక్కండి. టకటకా ఊగకూడదు. అలాగని గాలి చొరబడనంత బిగుతుగా ఉండాల్సిన పనీ లేదు. మూత లోపల బొడిపెలు ఉంటే ఆవిరి నీరు వంట మీద చుక్కలుగా పడుతుందంటారు. బాగానే ఉంటుంది కానీ గిన్నె ఎంచుకోవడానికి అదే కారణం చేసుకోకండి. మూత మీది గుబ్బ లోహంతో చేసిందైతే మంచిది. నల్లటి ప్లాస్టిక్‌లా ఉండే ఫెనాలిక్ గుబ్బల్లో పాతవి సుమారు 190 డిగ్రీల వరకే తట్టుకుంటాయి, కొత్తవి ఎంతవరకు ఆగుతాయో కాగితంలో రాసి ఉంటుంది. ఓవెన్‌లో పెట్టే ఉద్దేశం ఉంటే ఇది ముందే చూసుకోవాలి.

చెవులు. ఇది చాలామంది వదిలేసే విషయం, నా దృష్టిలో రంగు కన్నా పదింతలు ముఖ్యం. మసిగుడ్డ మడతపెట్టి పట్టుకుని చెవిలో వేళ్లు పడతాయో లేదో చూడండి. 26 సెంటీమీటర్ల గుండ్రటి గిన్నె ఖాళీగానే మూతతో కలిపి సుమారు 5 కిలోలు ఉంటుంది. అందులో వంట ఉంటే 9, 10 కిలోలు అవుతుంది. రెండు వేళ్లతో వేలాడదీసి దించే బరువు కాదది. మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు, పెద్దవాళ్లు వాడే ఇల్లైతే ఒక సైజు చిన్నదే తీసుకోండి. నలుగురికి 24 సెంటీమీటర్లు, అంటే 4 లీటర్ల పైచిలుకు, సరిపోతుంది. గుండ్రటిదే తీసుకోండి. కోలగా ఉన్నది స్టవ్ మీద రెండు చివర్లా కాగదు.

రంగు మీ ఇష్టం. లోపల వాడే పూత గురించి మాత్రం అడగండి. ఎరుపు, నారింజ, పసుపు రంగులకి కాడ్మియం అనే విష లోహం ఉన్న రంగు పదార్థాలు వాడటం ఉంది. బయటి గోడ మీద, గాజులో బందీగా ఉన్నంతవరకు అది వంటని తాకదు. ఆ రంగులు లోపల కూడా ఉన్న, ఎక్కడ చేశారో తెలియని గిన్నెలు, బాగా పాత గిన్నెలు వంటకి వద్దు. ఆహారం తగిలే ఎనామెల్ నుంచి లోహాలు ఎంత దిగుతాయో పరీక్షించడానికి ఐఎస్ఓ 4531 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. మంచి కంపెనీ దాని ప్రస్తావన చేస్తుంది, అడిగితే జవాబిస్తుంది.

పులుపుకి ఆగుతుందో లేదో మీకు అనుమానంగా ఉంటే ఇంట్లోనే చూడొచ్చు. ఎనామెల్ పరిశ్రమలో 10 శాతం సిట్రిక్ యాసిడ్ చుక్క వేసి 15 నిమిషాలు ఉంచి మెరుపు పోయిందా అని చూస్తారు. మీరు నిమ్మరసం చుక్క లోపల గోడ మీద వేసి అంతసేపూ ఉంచి, కడిగి తుడిచి, లైటులో చూడండి. ఆ చోట మసకబారితే అది నాసిరకం పూత, పుల్లటివి అందులో వండకండి. మంచి పోత ఇనుము గిన్నెలో టమాటా గంటలతరబడి ఉడికినా ఏమీ కాదు. ఎనామెల్ లేని ఇనుప గిన్నె కన్నా దీనికున్న పెద్ద లాభమే అది.

ఇప్పుడు వాడకం, అంటే వేడి. నా కళ్లముందు పాడైన గిన్నెల్లో ఎక్కువ భాగం దెబ్బ తగిలి కాదు, వేడి వల్ల పోయాయి. ఒకసారి మా దగ్గర నేర్చుకునే ఒక అబ్బాయి ముక్కలు వేయించి తీశాక, అడుగున పట్టింది వదలాలని, పొగలు వస్తున్న గిన్నెలో ఫ్రిజ్ నీళ్లు పోశాడు. టప్ మని చిన్న శబ్దం వచ్చింది. అప్పుడు ఏమీ కనిపించలేదు. కడిగి ఆరబెట్టాక అడుగున సన్నటి గీత, వారం తిరిగేసరికి ఆ గీత వెంబడి వేలిగోరంత పెంకు లేచింది. చల్లటి గాజు గ్లాసులో సలసల కాగే నీళ్లు పోస్తే చిట్లుతుందని అందరికీ తెలుసు. ఇక్కడా జరిగేది అదే, కాకపోతే తలకిందులుగా. పైనున్న గాజు ఒక్కసారిగా చల్లారి ముడుచుకోబోతుంది, కిందున్న ఇనుము ఇంకా వేడిగా విప్పారి ఉంటుంది. గాజుకి లాగుడు తగులుతుంది. లాగితే గాజు ఓర్వదని ముందే చెప్పాను కదా.

కాబట్టి వేడి గిన్నెలో నీళ్లు పోయాల్సి వస్తే వేడి నీళ్లే పోయండి. స్టవ్ మీంచి దించింది సింక్‌లో పెట్టకండి, తడి గ్రానైట్ గట్టు మీద కూడా పెట్టకండి. చెక్క పలక మీదో, మందపాటి గుడ్డ మీదో పెట్టి, చేత్తో ముట్టుకోగలిగేంత చల్లారాకే కడగండి. ఫ్రిజ్‌లోంచి తీసిన గిన్నెని నేరుగా మంట మీద పెట్టడం కూడా ఇలాంటి తప్పే, దిశ మాత్రం వేరు.

ఖాళీ గిన్నె పెద్దమంట మీద పెట్టకండి. అడుగంతా పరుచుకునేలా నూనె వేసి, సన్న సెగ మీద నాలుగైదు నిమిషాలు వదిలేయండి. ఇనుము నిదానంగా వేడిని పక్కలకి పంపుతుందని చెప్పాను కదా, దానికి ఆ సమయం ఇవ్వాలి. తొందరపడి మంట పెంచితే నడుమ భాగం మాడిపోతుంది, పక్కలు చల్లగా ఉంటాయి. గిన్నె కాగాక కూడా మధ్యస్థం కన్నా మించిన మంట అక్కర్లేదు. "నా గిన్నెకి అన్నీ అంటుకుంటున్నాయి" అని చెప్పేవాళ్లని స్టవ్ ఎంత పెట్టారో చూపించమంటే చాలావరకు ఫుల్‌లో ఉంటుంది. మాంసం ముక్క వేశాక వెంటనే కదిలించొద్దు. అడుగు ఎర్రబడితే దానంతట అదే వదులుతుంది, లాగితే వదలట్లేదంటే ఇంకా కాలేదని అర్థం. గుడ్లు, తెల్లటి చేప ముక్కలు ఈ గిన్నెలో వండటానికి ప్రయత్నించి టెన్షన్ పడకండి, వాటికి వేరే పెనం ఉంచుకోండి.

ఇండక్షన్ స్టవ్ మీద ఇవి బాగా పనిచేస్తాయి, అందుకే ప్రమాదం కూడా ఎక్కువ. వేడిని ఒక్కసారిగా పెంచే బూస్ట్ బటన్ నొక్కితే అడుగు నడుమ చప్పున కాలిపోతుంది, అంచులు చల్లగా ఉంటాయి. ఆ బటన్ ఉందన్న సంగతి మర్చిపోండి. గాజు స్టవ్ మీద గిన్నెని జరపకండి, ఎత్తి పెట్టండి. నీళ్లు ఇంకిపోయి ఖాళీగా కాలితే అడుగు ఎనామెల్ మెత్తబడి ఆ గాజు పలకకి అతుక్కుని రెండూ పాడయ్యే అవకాశం ఉంది. మైక్రోవేవ్‌లో పెట్టకూడదు, లోపల లోహం ఉంది కదా. రొట్టె కాల్చడానికి గిన్నెని ఖాళీగా ఓవెన్‌లో 240 డిగ్రీల దాకా వేడెక్కించే పద్ధతి ఇప్పుడు బాగా వ్యాపించింది. ఓవెన్ అన్ని వైపులా సమానంగా వేడి ఇస్తుంది కాబట్టి స్టవ్ అంత ప్రమాదం కాదు. కానీ కొన్ని కంపెనీలు దాన్ని ఒప్పుకోవు, లేత రంగు లోపలి భాగం గోధుమ రంగుకి తిరుగుతుంది కూడా. వారానికోసారి రొట్టె చేసేవాళ్లయితే ఆ పనికి ఎనామెల్ లేని మామూలు పోత ఇనుము గిన్నె పెట్టుకోండి.

గరిటె చెక్కదో, సిలికాన్‌దో వాడండి. స్టీలు గరిటెతో గాజు మీద గీత పడటం అరుదు, గరిటె లోహమే అరిగి గాజు మీద బూడిద రంగు చారలుగా అంటుకుంటుంది. వాటిని చూసి గిన్నె గీసుకుపోయిందని కంగారు పడుతుంటారు. ఆక్సాలిక్ యాసిడ్ ఉన్న మెత్తటి క్లీనింగ్ పౌడర్ కొంచెం తడిపి వేలితో రుద్దితే పోతాయి. గిన్నెని నిజంగా దెబ్బతీసేది గరిటెకి అంటింది రాలాలని అంచు మీద టంగుమని కొట్టడం. వంట నేర్పేటప్పుడు నేను మానిపించే మొదటి అలవాటు ఇదే.

మాడితే. గోకకండి. మాడు మునిగేంత నీళ్లు పోసి, లీటరుకి రెండు స్పూన్ల వంట సోడా వేసి, సన్న సెగ మీద పది నిమిషాలు మరగనివ్వండి. మరుగుతుండగానే చెక్క గరిటెతో నెమ్మదిగా నెడితే పొరలు పొరలుగా వస్తుంది. దించి అలాగే చల్లారనిచ్చి, మామూలు సబ్బుతో, మెత్తటి పీచుతో కడగండి. ఇంకా మిగిలితే మర్నాడు మళ్లీ అదే చేయండి. స్టీలు పీచు మాత్రం ముట్టుకోకండి. అది మాడుతో పాటు మెరుపునీ తీసేస్తుంది. మెరుపు పోయిన చోట మళ్లీ మళ్లీ అంటుకుంటుంది, మళ్లీ స్టీలు పీచుతో గోకాలనిపిస్తుంది, అలా గిన్నె కొన్నాళ్లకి గరుకు కాగితంలా తయారవుతుంది.

లేత రంగు గిన్నెలో పసుపు, గోధుమ రంగు మరకలు వంటకి అడ్డు కాదు, వదిలేసినా పర్వాలేదు. పోగొట్టాలనుకుంటే బట్టల మరకలకి వాడే ఆక్సిజన్ బ్లీచ్ పొడి, అంటే సోడియం పెర్‌కార్బొనేట్ ఉన్నది, వేడి నీళ్లలో కలిపి రాత్రంతా నానబెట్టి పొద్దున బాగా కడగండి. ఇంటి చిట్కాల్లో వంట సోడా, వెనిగర్ కలిపి పోయమంటారు. రెండూ కలిస్తే ఒకదాని బలం ఒకటి చంపేసుకుంటాయి, నురగ తప్ప ఏమీ మిగలదు. క్లోరిన్ బ్లీచ్‌లో వెనిగర్ కలిపితే మాత్రం విషవాయువు వస్తుంది, ఆ పని ఎప్పుడూ చేయకండి. ఉప్పునీటి వల్ల వచ్చే తెల్లటి పొరకి నీళ్లలో కాస్త వెనిగర్ కలిపి తుడిస్తే చాలు.

డిష్‌వాషర్‌లో పెట్టొచ్చని కంపెనీలు రాస్తాయి. పెడితే ఒక్కసారికే ఏమీ కాదు. కానీ గాజు పులుపుని ఓర్చుకున్నంతగా ఘాటైన క్షారాన్ని ఓర్చుకోదు, డిష్‌వాషర్ పొడులు బాగా క్షారంగా ఉంటాయి, పైగా వేడినీళ్లు. ఏళ్ల తరబడి అలా కడిగితే మెరుపు చచ్చిపోతుంది, అంచులు తుప్పు పడతాయి. చేత్తో కడగడానికి పట్టేది రెండు నిమిషాలు, కడుక్కోండి.

కడిగాక అంచు పొడిగా తుడవడం మర్చిపోవద్దు. అంచు మీద తుప్పు చుక్క కనిపిస్తే రుద్ది, ఆరబెట్టి, ఒక చుక్క నూనె రాయండి. అలమారాలో పెట్టేటప్పుడు మూతకి, గిన్నెకి మధ్య మడతపెట్టిన గుడ్డ ముక్కలు నాలుగు వైపులా పెట్టండి. గాలి ఆడుతుంది, లోపల వాసన పట్టదు, అంచుకి అంచు తగలదు. ఒకదాంట్లో ఒకటి పేర్చాల్సి వస్తే నడుమ గుడ్డ తప్పనిసరి.

పెచ్చు లేచిన గిన్నె. బయటి గోడ మీదో, చెవి మీదో, అంచు బయటివైపో చిన్న పెచ్చు లేస్తే వాడుకోవచ్చు, అక్కడ నూనె రాస్తూ ఉండండి. లోపల లేస్తే కథ వేరు. బయటపడ్డ ఇనుము వల్ల ప్రమాదం లేదు, ఇనుము మనం రోజూ వాడేదే. ప్రమాదం ఆ గుంట చుట్టూ ఉన్న గాజు అంచు. దానికిప్పుడు ఒక పక్క ఆధారం పోయింది. తుప్పు దాని కిందికి పాకుతుంది, వేడి తగిలినప్పుడల్లా ఇంకో పెంకు వదులవుతుంది. ఆ పెంకు గాజు ముక్క, అన్నంలో కనిపించదు. పిల్లలు తినే ఇల్లైతే అసలు ఆలోచించకండి. పెచ్చు మీద పూసి కప్పేద్దామంటే, బజార్లో దొరికే ఎపాక్సీ పూతలు (జిగురులా పూస్తే గట్టిపడేవి) బాత్‌టబ్‌ల కోసం చేసినవి, వంట వేడికి, తిండికి అవి పనికిరావు. మళ్లీ ఎనామెల్ వేయించాలంటే పాతదంతా తీసేసి కొలిమిలో కాల్చాలి, ఒక్క గిన్నె కోసం ఎవరూ చేయరు. లోపల పెచ్చు లేకుండా గీతల వల మాత్రమే ఉంటే, గోరుకి తగలకుండా నున్నగా ఉంటే, ఇంకొంతకాలం నీళ్లగా ఉండే వంటలకి వాడుతూ గమనిస్తూ ఉండొచ్చు. గోరుకి తగిలిన రోజు ఆపేయండి.

మీ స్టీల్ గిన్నెలో మచ్చలు లోపల ఉన్నాయని రాశారు కాబట్టి వంటలోంచి తీసేయండి. అడుగున కన్నం చేసి మొక్క పెట్టుకోవడానికి బాగుంటుంది, కన్నం దగ్గర గాజు ఎగిరిపడుతుంది కనుక కళ్లకి రక్షణ అద్దాలు పెట్టుకుని, గుడ్డ కప్పి చేయండి.

ఇక ఐదోది, సెకండ్ హ్యాండ్‌లో కొనొచ్చా అని చివర్లో అడిగారు. పోత ఇనుముది, పేరున్న కంపెనీది అయితే నిరభ్యంతరంగా కొనొచ్చు; పైన చెప్పిన పరీక్షలే చేయండి, మరకలు చూసి భయపడకండి, మెరుపు చూడండి. లైటు వేస్తే లోపల అడుగులో లైటు ప్రతిబింబం గుండ్రంగా, స్పష్టంగా కనిపించాలి. చెదిరిపోయినట్టు మసగ్గా కనిపిస్తే ఎవరో స్టీలు పీచుతో తోమి తోమి వదిలేసిన గిన్నె అది. లోపలి రంగు నలుపైతే ఈ పరీక్ష కుదరదు, వేలితో తడిమి ఒకే తీరు గరుకుదనం ఉందా అని చూసుకోవాలి. లైఫ్‌టైమ్ వారంటీ సాధారణంగా మొదట కొన్నవాళ్లకే వర్తిస్తుంది, వేడి దెబ్బకి పగిలినవాటిని కొత్తవాటికి కూడా ఒప్పుకోరు. కాబట్టి బేరం ఆడేటప్పుడు ఆ వారంటీ మాటని లెక్కలోకి తీసుకోకండి.